ఆటకు అంతస్తులు, కళకు శాలువా

రాయచోటిలో రైలు నడిపేవాళ్లకు కొదవ లేదు. వీధికి నలుగురైదుగురు డ్రైవర్లు తేలతారు. అందరూ పదిహేనేళ్ల లోపు వాళ్లే. సిగ్నల్ చూసుకుంటారు, హారన్ కొడతారు, ప్లాట్‌ఫాం మీద బండిని గీత తప్పకుండా నిలబెడతారు. అన్నానికి రమ్మని అమ్మ కేకేస్తే "వస్తాండా మా, ఈ జంక్షన్ దాటనీ" అంటారు. ఊళ్లో మాత్రం రైలు లేదు. కడప నుంచి మా మీదుగా, మదనపల్లె మీదుగా బెంగళూరు పోవలసిన లైను 2008-09లో మంజూరైంది. కడపలో బయలుదేరి పెండ్లిమర్రి దాకా ఇరవై కిలోమీటర్ల పైచిలుకు వచ్చి, అలసటకు కాబోలు, అక్కడే కూలబడింది. అందుకే మా పిల్లలు ఫోన్‌లో నడుపుకుంటున్నారు. అందులోనూ ప్రభుత్వాల వాటా ఏమీ లేదు. ఆ ఆట చేసినోడు ఏ దేశంవాడో. అందులోకి డేటా వేయించేది కువైట్‌లో కారు తోలే నాయన.

ఇట్లాంటి ఊళ్లో కూర్చుని, వీడియోగేమ్ కళా కాదా, కళే అయితే దానికి ప్రజల సొమ్ము పెట్టొచ్చా అని వాదించుకోవడం కొంచెం విలాసంగా కనిపిస్తుంది. కనిపించనీ. 2022 ఏప్రిల్ 4న జిల్లా కేంద్రమై, నాలుగేళ్లు నిండకముందే ఆ హోదా మదనపల్లెకు పోగొట్టుకున్న ఊరు మాది. లెవెల్ పెరగడమంటే ఏందో, పెరిగిన లెవెల్ ఒక్క మంత్రివర్గ సమావేశంతో ఎట్లా పడిపోతుందో మాకంటే బాగా తెలిసిన ఆటగాళ్లు దేశంలో ఇంకెవరున్నారు? ఈ విషయంలో నోరు విప్పే అర్హత మాకు కాక మరెవరికి?

ముందు ప్రభుత్వాల దృష్టిలో ఈ ఆట ఏమిటో చూద్దాం. అది ఒకటి కాదు, వారానికో వేషం. 2020 సెప్టెంబర్ 2న అది దేశభద్రతకు ముప్పు. ఆరోజే పబ్జీని కేంద్రం నిషేధించింది. మరుసటి రోజుకల్లా అది పేకాట. ఆన్‌లైన్ రమ్మీ, పోకర్ మీద వేటు వేయాలని మన రాష్ట్ర మంత్రివర్గం తీర్మానించింది. ఆ తర్వాత 132 సైట్లను, యాప్‌లను అడ్డుకోమని కేంద్రానికి ఉత్తరం కూడా పోయింది. ఆ పని తప్పని నేననను. రమ్మీ యాప్ దెబ్బకు ఇల్లు గుల్లయిన కుటుంబాలను సీమలో వేలెత్తి చూపించగలను. 2022 డిసెంబర్‌కు అదే ఆట క్రీడ అయింది. ఇ-స్పోర్ట్స్‌ను కేంద్ర క్రీడల శాఖకు, మిగతా ఆన్‌లైన్ ఆటలను ఐటీ శాఖకు పంచారు. అంతకుముందే, 2022 బడ్జెట్‌లో, అది పరిశ్రమ. యానిమేషన్, గ్రాఫిక్స్, గేమింగ్, కామిక్స్ అన్నీ ఒక మూట గట్టి, ఒక టాస్క్‌ఫోర్స్ వేసి, సమాచార ప్రసార శాఖ చేతిలో పెట్టారు. 2025 ఆగస్టులో పార్లమెంటు రెండు రోజుల్లో ఒక చట్టం చేసింది. పందెం కాసే ఆటలు నిషేధం, ఇ-స్పోర్ట్స్‌కు ప్రోత్సాహం, కాలక్షేపం ఆటలకు ఆశీర్వాదం.

జూదమన్నారు, క్రీడన్నారు, పరిశ్రమన్నారు, ముప్పన్నారు. కళ అన్న మాట మాత్రం పొరపాటున కూడా ఎవరి నోటా రాలేదు. ఇన్ని శాఖలు పంచుకున్న పిల్లకు సాంస్కృతిక శాఖ ఒక్కటే చుట్టం కాకుండా పోయింది.

మా రాయచోటికి ఇందులో ఒక లాభం ఉంది లెండి. రాష్ట్ర రవాణా, యువజన, క్రీడల మంత్రి మా ఎమ్మెల్యేనే. ఇ-స్పోర్ట్స్ క్రీడ కింద లెక్కే కాబట్టి, రాత్రి రెండింటిదాకా దుప్పటి కింద ఫోన్ పట్టుకున్న ప్రతి పిల్లోడూ సాంకేతికంగా మా మంత్రిగారి శాఖలో సాధన చేస్తున్న క్రీడాకారుడే. అమ్మలు చెప్పు తీసుకునే ముందు కాస్త ఆలోచించుకోవాలి.

టీ అంగడి కోర్టులో మాత్రం ఈ వ్యాజ్యం ఇంత సాగలేదు. వాది రిటైరైన తెలుగు అయ్యవారు. వయసులో ఉండగా చుట్టుపక్కల ఊళ్లలో హరిశ్చంద్రుడి వేషం కట్టినాయన. కాటిసీనులో ఆయన రాగం తీస్తే ముసలమ్మలు కొంగులు తడుపుకునేవాళ్లని ఇప్పటికీ చెప్పుకుంటారు. ప్రతివాది డిగ్రీ మూడో ఏడు చదివే పిల్లోడు. వాడి సంచీలో ఒక పాత ల్యాప్‌టాప్, దాని మూతకు సెలోటేపు. నాయన కువైట్ నుంచి పంపిన దుడ్లతో సెకండ్‌హ్యాండ్‌లో కొన్నది.

"బొమ్మలాటోళ్లకు తిండికి గతిలేదు. ఈ తుపాకులాటలకు గవర్మెంటు దుడ్లా? ఏం కాలం వచ్చెరా నాయనా!"

"నా ఆటలో తుపాకీ లేదు సార్."

"మరేముండాది?"

"బోరు."

ఫోన్ ఆయన చేతిలో పెట్టాడు. తెర మీద ఒక బీడు. ఒక రైతు, ఆయన పెండ్లాం, మూడెకరాలు, రెండావులు, ఒక తాళిబొట్టు చైను. వేలు పెట్టి నొక్కితే బోరుబండి వస్తుంది. 200 అడుగులు: దుమ్ము. 400: దుమ్ము. 500 దగ్గర కొంచెం తడి మట్టి చూపిస్తుంది. అక్కడే పడతాడు మనిషి. ప్రతి నూరడుగులకూ ఆట ఒకటే ప్రశ్న అడుగుతుంది: ఆపుదామా, ఇంకో నూరు దించుదామా? దించిన ప్రతిసారీ పక్కన ఒక బొమ్మ మాయమవుతుంది. మొదట ఒక ఆవు. తర్వాత రెండో ఆవు. 800 దగ్గర చైను. అయ్యవారు వెయ్యి దాకా దించాడు. దించేటప్పుడు ఆయన వేలు ఎంత గట్టిగా నొక్కిందంటే, పిల్లోడు "మెల్లిగా సార్, గాజు పగులుతాది" అన్నాడు.

"రేయ్, నీళ్లు యాడ పడతాయిరా దీంట్లో?"

"పడవు సార్."

"మల్ల గెలిచేదెట్ల?"

"ఆపితే గెలిచినట్లే."

"ఆపేటోడెవడ్రా!"

ఆ మాట అన్నాక అయ్యవారికి తానేమన్నాడో తనకే తగిలింది. అంగట్లో ఉన్నోళ్లంతా చూస్తుండగా ఫోన్ తిరిగి ఇచ్చి, "ఇది నాటకం రా. మా నాటకమే. కాకపోతే వేషం నా చేత కట్టించినావు" అన్నాడు. వీడియోగేమ్ కళా కాదా అన్న ప్రశ్నకు అమెరికాలో పెద్ద పెద్ద విమర్శకులు ఏళ్ల తరబడి కొట్టుకున్నారు. ఎప్పటికీ కాదని రోజర్ ఈబర్ట్ అనే సినిమా విమర్శకుడు 2010లో రాసి, వేలమందితో తిట్లు తిన్నాడు. రెండేళ్లకు న్యూయార్క్‌లోని ఆధునిక కళా మ్యూజియం 14 ఆటలను తన సేకరణలో చేర్చుకుంది. మా దగ్గర అయ్యవారు రెండు టీల వ్యవధిలో తేల్చేశాడు.

ఇక మిగిలింది దుడ్లు. అదీ ఆయనే తేల్చాడు. "పోరా, గవర్మెంటాఫీసులో అడుగు. ఇన్ని పథకాలు పెట్టినారు, నీకొకటి ఉండదా?"

పిల్లోడు పోయాడు. ఏ ఆఫీసో చెప్పను, అన్ని ఆఫీసులూ అదే కుర్చీ, అదే ఫ్యాను. అక్కడి ఆసామి మంచివాడే, కూర్చోమన్నాడు కూడా. స్టార్టప్పా అని అడిగాడు. కంపెనీ రిజిస్టర్ చేయలేదన్నాడు వీడు. ఎంతమందికి ఉద్యోగాలిస్తావు అన్నాడు. నేనొక్కణ్ణే సార్ అన్నాడు. ఎన్ని చదరపు అడుగుల ఆఫీసు అన్నాడు. మిద్దె మీద రేకుల గది అన్నాడు. పోనీ క్రీడ కింద పెడదాం, ఎన్ని పతకాలు వచ్చినాయి అన్నాడు. నా ఆటలో ఎవరూ గెలవరు సార్ అన్నాడు. చివరికి విసిగి, "ఇంతకూ ఇదేందబ్బా?" అంటే, "కళ సార్" అన్నాడు. అప్పుడాయన ముఖంలో నిజమైన జాలి కనిపించిందట. "కళాకారుల కోటానా? ముందే చెప్పొద్దూ! నీకు వయసు చాలదు కదా నాయనా."

నవ్వొద్దు. ఆయన చెప్పింది నూటికి నూరుపాళ్లు రూలు. మన రాష్ట్రంలో డప్పు కళాకారుడికి పింఛను ఉంది, 2024 జూలై నుంచి నెలకు 4,000. 50 ఏళ్లు దాటుండాలి. ఆ సొమ్ము ఇస్తున్నందుకు నిండు మనసుతో నమస్కారం, ఒక్క రూపాయి కూడా తగ్గించొద్దు. కాని లెక్క చూడండి. డప్పు కొట్టే చేయి వణకడం మొదలైనప్పుడే సర్కారుకు ఆ కళ కంటపడుతుంది. ఇరవై ఏళ్లవాడు డప్పు పట్టుకుంటే వాడు నిరుద్యోగి. యాభై దాటితే కళాకారుడు. కళ మా ప్రభుత్వాల పుస్తకంలో వృద్ధాప్య పింఛనుకు, వితంతు పింఛనుకు నడుమ ఎక్కడో ఒక వరుస.

ఇట్లాంటి పాత కళాకారులనే అడ్డం పెట్టుకుని, "బొమ్మలాటోళ్లు ఆకలితో ఉంటే వీడియోగేమ్‌కు ఎట్లా ఇస్తాం?" అని అడిగే పెద్దమనుషులు కొందరున్నారు. సభల్లో వింటుంటాను. గొంతులో తడి, కంట్లో తడి, జేబు మాత్రం బోరు మాదిరే. వాళ్లను ఒకటే అడుగుతాను. వీడియోగేమ్‌కు ఇవ్వకుండా మిగిల్చిన ఆ సొమ్ము బొమ్మలాటకు ఏ రోజు చేరింది? శ్రీ సత్యసాయి జిల్లా నిమ్మలకుంటలో తోలుబొమ్మల కుటుంబాలు ఉన్నాయి. దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చింది, అందరం చప్పట్లు కొట్టాం. అదే ఊళ్లో, రాముడి బొమ్మ చెక్కే ఉలితోనే ల్యాంప్‌షేడ్లకు చిల్లులు పొడిచి అమ్ముకుంటున్నారు. దీపం ముందు నడవాల్సిన తోలు, దీపానికి తొడుగైంది. ఆ కుటుంబాలను ల్యాంప్‌షేడ్ల దారి పట్టించింది ఏ వీడియోగేమో చెప్పండి, ఇప్పుడే పోయి దాన్ని అన్‌ఇన్‌స్టాల్ చేసి వస్తాను.

తోలుబొమ్మకూ ఈ ఆటకూ పగ పెట్టేవాళ్లకు చరిత్ర తెలియదు. మా నుంచి వేంపల్లె దారి పట్టుకుంటే చక్రాయపేట మండలం వస్తుంది. అందులో సురభి అనే ఊరుంది. తోలుబొమ్మలు ఆడించుకుని బతికే మరాఠీ కుటుంబాల్లో ఒకరైన వనారస గోవిందరావు 1885లో ఆ ఊళ్లో ఒక పెళ్లి సందర్భంగా 'కీచక వధ' వేయించాడు. అప్పటిదాకా తెర వెనక బొమ్మను ఆడించినవాళ్లే తెర ముందుకు వచ్చి బొమ్మలయ్యారు. అదే సురభి నాటకం. తర్వాత వాళ్లు చేసిన మాయలు ఎన్ని! రంగస్థలం మీద నారదుడు ఆకాశంలోంచి దిగేవాడు. రెండు బాణాలు గాల్లో ఢీకొని నిప్పులు రాలేవి. మాయాబజారులో ఘటోత్కచుడి విందు చూడటానికి జనం బండ్లు కట్టుకుని వచ్చేవాళ్లు. తాళ్లు, కప్పీలు, మందుగుండు, అద్దం, పక్కనుంచి వెలుతురు. ఇవాళ ముంబయిలో ఏసీ గదుల్లో కూర్చుని 'విజువల్ ఎఫెక్ట్స్' అని పేరు పెట్టి నేర్పేది ఇదే విద్యను. ఆ విద్యకు మా సీమలో నూట నలభై ఏళ్ల వయసుంది.

సరే, 1885లోనే మన కళాపోషణ విధానం అమల్లో ఉండి ఉంటే ఏమయ్యేదో ఊహించుకోండి. గోవిందరావు దరఖాస్తు పట్టుకుని వచ్చేవాడు. తోలుబొమ్మల పెద్దలు అభ్యంతరం తెలిపేవాళ్లు: బొమ్మ అన్నం లేక అలమటిస్తుంటే మనిషి వేషం కట్టడమేమిటి, ఇదేం కళ? కమిటీ వాళ్లను విచారించేది. కీచకుణ్ణి చంపడం హింస గనుక పద్దెనిమిదేళ్ల లోపు పిల్లలు చూడరాదని షరతు. ద్రౌపది సన్నివేశం మీద ఒక ఫిర్యాదు. నిప్పులు రాలే బాణాలకు అగ్నిమాపక శాఖ నిరభ్యంతర పత్రం. చివరికి, ఇది సంప్రదాయమూ కాదు, పరిశ్రమా కాదు కాబట్టి అనుమతించలేమని తీర్మానం. ఆ కమిటీ లేకపోబట్టి సురభి బతికింది. టికెట్టు కొన్న జనం బతికించారు. ప్రభుత్వం వాళ్ల నాటకాన్ని పద్మశ్రీతో గుర్తించింది 2013లో, సురభి బాబ్జీగా అందరికీ తెలిసిన రేకందార్ నాగేశ్వరరావు గారికి ఇచ్చి. కీచక వధ ఆడి అప్పటికి 128 ఏళ్లు. ఆ లెక్కన మా బోరు పిల్లోడు కాస్త ఓపిక పట్టాలి.

అట్లాగని పూర్వం రాజులు కళను నెత్తిన పెట్టుకున్నారనీ, ఇప్పటివాళ్లే పిసినారులనీ నేను పాట పాడను. రాయలు పెద్దనకు కోకటం అగ్రహారం ఇచ్చాడు, అది మా కడప నేలలోదే. నిజమే. కాని మా జిల్లా ఎవరి పేరు పెట్టుకుందో ఆయన సంగతో? తన మీద ఒక పదం కట్టమని సాళువ నరసింహరాయలు అడిగితే, వేంకటేశ్వరుడి మీద తప్ప మనిషి మీద కట్టనన్నందుకు అన్నమయ్యకు సంకెళ్లు పడ్డాయని కథ. గ్రాంటు వెనక ఉండే షరతు అంటే ఏమిటో అయిదు వందల ఏళ్ల కిందే మా తాళ్లపాకాయనకు తెలిసొచ్చింది. తర్వాత ప్రజాస్వామ్యం వచ్చింది. నటుడే ముఖ్యమంత్రి అయ్యాడు. నాటకానికి, సాహిత్యానికి, బొమ్మలకు ఇక మంచి రోజులే అనుకుంటుండగానే 1983లో రాష్ట్ర సాహిత్య, సంగీత నాటక, లలితకళా అకాడమీలను రద్దు చేసేశాడు. వాటిలో పెత్తందార్లు పేరుకుపోయారన్నది అప్పటి వాదన. అబద్ధం కాకపోవచ్చు. ఇంట్లో ఎలుకలు పట్టినాయని ఇల్లు కూల్చడం మనకు అలవాటే.

ఇప్పుడు మన ప్రభుత్వం ఈ ఆటలకు నిజంగానే కళ పేరుతో సొమ్ము ఇస్తే ఎట్లుంటుందో నాకు కళ్లకు కట్టినట్టు కనిపిస్తోంది. ఆట తెరవగానే లోడింగ్ తెర మీద ముఖ్యమంత్రి ఫొటో, ఉపముఖ్యమంత్రి ఫొటో, శాఖ మంత్రి ఫొటో. మూడూ దాటేసరికి బ్యాటరీ సగం అయిపోతుంది. బోరు ఆటలో మూడో లెవెల్ కల్లా నీళ్లు పడి తీరాలి, పడిన చోట పథకం పేరున్న బోర్డు లేవాలి. ఎన్నికల కోడ్ వస్తే ఆ బోర్డుకు గుడ్డ కప్పే బొమ్మ ఒకటి ఆటగాడికి బోనస్. విలన్‌కు ఊరుండకూడదు, కులం ఉండకూడదు, మీసం ఉండకూడదు, ఎవరికీ పోలిక కలవకూడదు. ప్రభుత్వం మారితే ఆట రంగు మారుతుంది. ఇది హాస్యానికి అనడం లేదు. పంచాయతీ ఆఫీసులకు పూసిన పార్టీ రంగులు తీసేయమని 2020లో హైకోర్టు, సుప్రీంకోర్టు దాకా పోయి చెప్పించుకున్న రాష్ట్రం మనది. గోడకే అంత గొడవైతే, తాకితే రంగు మారే తెరను వదులుతారా? అయిదేళ్లకోసారి సేవ్ చేసుకున్న ఆటంతా చెరిపి మొదటినుంచి ఆడాలి. రాయచోటివాళ్లకు అదేమంత కష్టం కాదు, అలవాటైపోయింది.

బయటి దేశాల్లో ఏం చేస్తున్నారయ్యా అంటే, చేస్తున్నారు, వాళ్ల పాట్లు వాళ్లూ పడుతున్నారు. అమెరికాలో కళల జాతీయ సంస్థ 2011లో తన గ్రాంట్ల తలుపు ఆటలకూ తెరిచింది. మరుసటి ఏడే 'వాల్డెన్' అనే ఆటకు 40,000 డాలర్లు ఇచ్చింది. థోరో అనే రచయిత చెరువు గట్టున ఒంటరిగా గుడిసె వేసుకుని బతికిన కథ. అందులో ఆటగాడు బీన్సు నాటాలి, కట్టెలు కొట్టాలి, చెట్టు కింద కూర్చోవాలి. పన్ను కట్టనని మొండికేసి 1846లో ఒక రాత్రి జైల్లో పడుకున్న మనిషి మీద, పన్ను కట్టినవాళ్ల సొమ్ముతో ఆట! ఇంతకంటే వ్యంగ్యం నేను రాయలేను. అయినా 2017లో ఆట బయటికి వచ్చింది, అమెరికా కూలిపోలేదు. జర్మనీ 2019 నుంచి కేంద్ర ఖజానాలోంచే ఇస్తోంది. పోలండ్ ప్రధాని 2011లో ఒబామాకు కానుకగా తమ దేశపు వీడియోగేమ్ చేతిలో పెట్టాడు. మనవాళ్లయితే శాలువా కప్పేవాళ్లు. అదే పోలండ్‌లో 2020లో 'దిస్ వార్ ఆఫ్ మైన్' అనే ఆటను బడిపిల్లల పఠన జాబితాలో చేరుస్తామన్నారు. ముట్టడిలో చిక్కిన ఊళ్లో సిపాయిలు కాని మామూలు జనం ఎట్లా బతుకీడుస్తారో చెప్పే ఆట అది. బోరు పిల్లోడికి అన్నలాంటిది.

అక్కడంతా పాలూ తేనే అని మాత్రం నేను చెప్పను. కెనడాలోని క్యూబెక్ రాష్ట్రం 1997లో ఉద్యోగాల పేరు మీద సబ్సిడీ ఇచ్చి ఫ్రాన్సు నుంచి యుబిసాఫ్ట్ అనే బడా కంపెనీని తెచ్చుకుంది. ఆ రాయితీలు ఈరోజుకూ నడుస్తున్నాయి. ఆస్ట్రేలియా చిన్నవాళ్లకోసం పెట్టిన 2 కోట్ల డాలర్ల నిధిని 2014లో బడ్జెట్ కోతలో సగంలోనే నరికేసింది. పెద్దోడి రాయితీ ఏళ్లకేళ్లు నిలుస్తుంది, చిన్నోడి గ్రాంటు మొదటి కరువులోనే ఎండిపోతుంది. ఈ సూత్రానికి పాస్‌పోర్టు అక్కర్లేదు.

మన పెద్దోళ్ల సంగతి ఇంకా ముచ్చటైంది. ఈ పరిశ్రమ పెద్దలు ఉదయం సదస్సులో లేచి, మా వ్యాపారం సినిమాను మించిపోయిందని ఛాతీ విరుచుకుంటారు. మధ్యాహ్నం మంత్రిగారి గదిలో కూర్చుని, మేము పసిబిడ్డలం, స్థలం ఇప్పించండి, కరెంటు తగ్గించండి, పన్ను మాఫీ చేయండి అంటారు. సాయంత్రానికి శంకుస్థాపన. హైదరాబాద్ రాయదుర్గంలో ఇమేజ్ టవర్‌కు 2017 నవంబర్‌లో పునాదిరాయి వేశారు. మనకేం తక్కువని 2018లో విశాఖలో యునెస్కోతో కలిసి నూరెకరాల్లో గేమింగ్ విశ్వవిద్యాలయం అన్నారు. ఆ ప్రకటన నాడు పదో తరగతిలో ఉన్నవాళ్లు డిగ్రీలు కూడా ముగించుకున్నారు. ముంబయిలో సుమారు 400 కోట్లతో సృజనాత్మక సాంకేతికతల సంస్థ పెట్టారు. 2026 ఫిబ్రవరి బడ్జెట్లో దేశంలోని 15,000 ఉన్నత పాఠశాలల్లో, 500 కాలేజీల్లో దాని చేత ల్యాబులు పెట్టిస్తామన్నారు. చాలా సంతోషం. మా వైపు ఒక్క బడికి వచ్చినా చాలు. కాని మన బళ్లలో ల్యాబు సంగతి మనకు తెలుసు. రిబ్బను కత్తిరించిన రోజు కంప్యూటర్ల మీద కప్పిన కవరు, తనిఖీ వచ్చే రోజే మళ్లీ తీసేది. పాడైతే జీతంలో కోస్తారని అయ్యవార్ల భయం. తాళంచెవి హెడ్‌మాస్టరు దగ్గర, హెడ్‌మాస్టరు ట్రైనింగులో.

టవరు, ఎకరాలు, సంస్థ, ల్యాబు. గమనించారా, ఇన్నింట్లో ఎక్కడా ఒక ఆట లేదు. ఫలానా మనిషికి ఫలానా ఆట చేయడానికి ఇంత ఇచ్చాం, ఇదిగో ఆట, ఆడి చూడండి అన్న మాట లేదు. పునాదిరాయికి పేరు చెక్కే చోటుంటుంది. ఆటకు ఉండదు, అదీ చిక్కు. 'రాజీ' అనే ఆట చేసిన పుణె బృందం ఇదే అనుభవించింది. మన పురాణాల నేపథ్యం, కథ చెప్పే ఘట్టాలు తోలుబొమ్మల నీడల్లో. 2017లో ఇంటర్నెట్‌లో చందాలకు పోతే అనుకున్న సొమ్ము రాలేదు. కిందా మీదా పడి 2020లో బయటికి తెచ్చారు. తోలుబొమ్మను ప్రపంచం మొత్తం తెరల మీద ఆడించిన ఆ ఆటకూ, తోలుబొమ్మ కోసం సభల్లో కన్నీళ్లు పెట్టుకునేవాళ్లకూ పరిచయమే లేదు. మూడేళ్ల తర్వాత టొరంటోలో ఒక తమిళ కుర్రాడి చిన్న బృందం 'వెన్బా' చేసింది. వలసపోయిన ఒక అమ్మ ఇడ్లీలు వేస్తూ ఉంటుంది, చిరిగిన వంటపుస్తకంలో అక్షరాలు మాసిపోయి ఉంటాయి, ఆటగాడు అది పూరించి వండాలి. అంతే ఆట. దానికి లండన్‌లో బాఫ్టా వచ్చింది. ఇడ్లీకి బాఫ్టా వస్తే సంగటికి రాదా? కువైట్ గదిలో, డ్యూటీ దిగి వచ్చి, ఫోన్‌లో భార్య చెబుతుంటే సంగటి కెలికే మా మొగోళ్ల కథ ఎవరు చేయాలి? టొరంటోవాళ్లు చేయలేరు. వాళ్లకు ఉండ కట్టకుండా కెలకడం రాదు.

సినిమాకైతే మనకు ఇన్ని సందేహాలు రావు. పెద్ద హీరో బొమ్మ వస్తుందంటే టికెట్టు రేటు పెంచుకోమని అర్ధరాత్రి జీవో వస్తుంది. దాన్ని రాయితీ అనరు. ప్రజల జేబులోంచి నేరుగా పోతుంది కాబట్టి ఖజానాకు మచ్చ పడదు. అది కళాపోషణ కాకపోతే మరేమిటి? ఒక్క రాత్రి బెనిఫిట్ షోకు రాయచోటిలో పెంచిన రేటు మీద రాలే సొమ్ముతో మా పిల్లోడు ఏడాది కూర్చుని ఆట పూర్తి చేస్తాడు, ల్యాప్‌టాప్ మూతకు కొత్త బిజాగరీ కూడా వేయించుకుంటాడు.

నేనడిగేది పెద్దదేం కాదు. టవరు వద్దు, ఎకరాలు వద్దు, బ్రాండ్ అంబాసిడర్ అసలే వద్దు. ఏటా కొందరికి, కొన్ని లక్షల్లో, తెలుగులో ఆట చేయడానికి నేరుగా సొమ్ము ఇవ్వండి. ఎవరికిచ్చారో, ఎంతిచ్చారో, ఆ ఆటేమిటో బయట పెట్టండి. పందెం ఉన్నదానికి, డబ్బు గుంజేదానికి పైసా వద్దు. ఎంపిక చేసే వరుసలో ఐఏఎస్ అధికారి పక్కన నిమ్మలకుంట నుంచి ఒక బొమ్మలాటాయన్ను, సురభి నుంచి ఒక కప్పీ లాగేవాణ్ణి కూర్చోబెట్టండి. తెర మీద బొమ్మ ఎప్పుడు కదలాలో, ఎప్పుడు ఆగాలో వాళ్లకు తెలిసినంత మీ కన్సల్టెంట్లకు తెలియదు. ఆ కూర్చున్నందుకు వాళ్లకు శాలువా కాదు, ఫీజు ఇవ్వండి. ఇన్ని చేసే ఓపిక లేకపోతే, కనీసం దరఖాస్తు ఫారంలో స్టార్టప్, స్కిల్, స్పోర్ట్స్ అన్న గడుల కింద 'కళ' అని ఇంకొక్క గడి గీయండి. దాని పక్కన వయసు రాయొద్దు.

ఇక రాయచోటి పెద్దలకు ఒక మాట. మన పిల్లోడెవడైనా ఫోన్ తెచ్చి, ఇది నేను చేసినా, చూడు మామా అంటే, వెంటనే లాక్కుని బీరువాలో పెట్టొద్దు. ఒక్కసారి ఆడి చూడండి. తిట్టాలనిపిస్తే ఆ తర్వాత తిట్టండి.